ఫైలు బరువు తేలేది గదిలోనే

ఫైలు చిన్నది కావాలంటే స్పష్టత వదులుకోవాలి, స్పష్టత కావాలంటే ఫైలు పెరుగుతుంది అన్న మాట సంగీతం విషయంలో కొంతవరకు నిజం. ఒక మనిషి ఇంట్లో కూర్చుని పుస్తకం చదివి రికార్డు చేసే విషయంలో మాత్రం ఆ మాట నేను ఒప్పుకోను. స్పష్టంగా పలికిన మాట చిన్న ఫైలులో హాయిగా ఇముడుతుంది. ఇమడకుండా గొడవ చేసేవి మాటతో పాటు లోపలికి వచ్చిన ఫ్యాను, ఫ్రిజ్, గోడలకు తగిలి తిరిగొచ్చే మోత. అందువల్ల ఫైలు సైజు గురించి ఆలోచన సేవ్ చేసే సమయంలో మొదలుపెడితే ఆలస్యమైనట్టే. కుర్చీ ఎక్కడ వేసుకోవాలి అన్నప్పుడే అది మొదలవ్వాలి. ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు: ఏ మైకు కొనాలి, ఎంత బిట్‌రేటు (ఒక్కో సెకను ధ్వనికి వాడే బిట్ల లెక్క) పెట్టాలి. రెండూ అడగవలసినవే కానీ వాటి వంతు చాలా తర్వాత వస్తుంది.

నేను విజయనగరంలో ఉంటాను. పోటీ పరీక్షలకు చదువుకునే చూపు లేని విద్యార్థుల కోసం చరిత్ర, రాజ్యాంగం, భూగోళం పాఠాలు చదివి రికార్డు చేస్తుంటాను. వినేవాళ్లు బొబ్బిలి, చీపురుపల్లి, టెక్కలి వైపు పిల్లలు. చాలామంది హాస్టళ్లలో ఉంటారు. చేతిలో ఉన్నది మామూలు ఫోను, దాని మెమరీ ఎప్పుడూ నిండిపోయే ఉంటుంది, రోజువారీ డేటా సాయంత్రానికల్లా అయిపోతుంది. కాబట్టి ఫైలు చిన్నదిగా ఉండి తీరాలి. దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. వాళ్లలో ఎవరూ నేను చదివిన వేగంతో వినరు. ఒకటిన్నర రెట్లు, అలవాటు పడినవాళ్లయితే రెండు రెట్లు వేగం పెట్టుకుంటారు. మామూలు వేగంలో చెవి సర్దుకుపోయే లోపాలు ఆ వేగంలో భరించరానివి అవుతాయి. గది మోత ఏ కొంచెం ఉన్నా ఒక అక్షరం తోక వెళ్లి తర్వాతి అక్షరం మీద పడుతుంది. "మాస్టారూ, మీ వెనకాల ఇంకెవరో కూడా చదువుతున్నట్టుందండీ" అని ఒక అమ్మాయి అంది. ఇంతకంటే సూటిగా గది మోతను వర్ణించినవాళ్లను నేను చూడలేదు. బిట్‌రేటు రెండింతలు చేస్తే ఆ వెనకాల మనిషి ఇంకా శుభ్రంగా వినిపిస్తాడు తప్ప వెళ్లిపోడు.

లెక్క ఒకసారి చూడాలి, ఎందుకంటే చాలామంది భయపడేది లెక్కకే. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 నమూనాలు (ధ్వనిని అన్నిసార్లు కొలిచి రాసుకోవడం), ఒక్కో నమూనాకు 16 బిట్లు, ఎడమ కుడి కలిపి రెండు చానళ్లు. అలా కుదించకుండా దాచిన వేవ్ ఫైలు గంటకు సుమారు 635 ఎంబీ అవుతుంది. నాకున్నది ఒక్క నోరు, ఒక్క మైకు. రెండో చానల్లో ఉండేది మొదటి చానల్లో ఉన్నదే. మోనో చేస్తే 317 ఎంబీకి దిగుతుంది, వినేవాళ్లకు పోయింది ఏమీ లేదు. దాన్ని 64 కిలోబిట్ల ఎంపీత్రీగా మారిస్తే గంట పాఠం 29 ఎంబీకి లోపే. ఓపస్ అనే మరో కుదింపు పద్ధతిలో 24 కిలోబిట్ల దగ్గర పెడితే 11 ఎంబీకి లోపే. ఇరవై గంటల పాఠ్యపుస్తకం మొదటి పద్ధతిలో 12 జీబీ దాటుతుంది, చివరి పద్ధతిలో 220 ఎంబీ కూడా కాదు. పరీక్ష కోసం వినే విద్యార్థికి ఈ రెంటి మధ్య పనికివచ్చే తేడా ఏదీ ఉండదు. అయితే ఒక షరతు ఉంది: రికార్డు చేసిన గది నిశ్శబ్దంగా ఉండాలి.

మరీ కిందికి దిగకూడదు, ఎక్కడ ఆగాలో తెలియాలి. ఆ గీత ఎక్కడుందో మన పాత టెలిఫోనే చెబుతుంది. టెలిఫోను లైను దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత) దాకా ఉన్న ధ్వనులనే మోసుకెళ్లేది. సెకనుకు 8,000 నమూనాలు తీసుకుంటే అది సరిపోతుంది, ఎందుకంటే ఎంత ఎత్తు ధ్వని దాకా పట్టుకోవాలో దానికి రెట్టింపు నమూనాలు కావాలి. అచ్చులకు ఆ పరిధి చాలు. గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికీ చాలు. కానీ "స" పలికినప్పుడు వచ్చే గాలి రాపిడిలో ఎక్కువ భాగం 4,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. టెలిఫోను దాన్ని కోసేస్తుంది. "శ" అంతకంటే కాస్త కింద ఉంటుంది కాబట్టి కొంత మిగులుతుంది. ఫోనులో పేరు చెప్పేటప్పుడు ప్రతి అక్షరానికీ ఒక ఉదాహరణ చెప్పవలసి రావడానికి కారణం ఇదే. తెలిసిన పేరైతే మనసు నింపుకుంటుంది, తెలియని పేరైతే నింపుకోలేదు.

పాఠం వినే విద్యార్థికి ప్రతి రెండో పేరూ కొత్తదే. శాసనసభ, అష్టదిగ్గజాలు, శాలంకాయనులు, విష్ణుకుండినులు: ఇవి మొదటిసారి విన్నప్పుడే సరిగ్గా వినబడాలి, తర్వాత ఆ పిల్లలు బ్రెయిలీలోనో, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతోనో వాటిని రాసుకోవాలి. శ, ష, స తేడా చెడిన రికార్డింగు చదువుకు పనికిరాదు. పాత ఫోన్లలో ఏఎంఆర్ అనే పద్ధతి ఉండేది. 12.2 కిలోబిట్లు దాటదు, గంటకు ఐదున్నర ఎంబీ, వినడానికి అద్భుతమైన పొదుపు. కానీ అది టెలిఫోను పరిధిలోనే పనిచేస్తుంది కాబట్టి నేను దాని జోలికి పోను. 16 కిలోహెర్ట్జ్ (సెకనుకు 16,000) నమూనాల రేటు పెడితే 8,000 హెర్ట్జ్ దాకా దొరుకుతుంది. మాటకు అది కనీసం. 22 లేదా 24 కిలోహెర్ట్జ్ పెడితే "స"కు పూర్తి న్యాయం జరుగుతుంది. మాటల రికార్డింగుకు 44,100, 48,000 పెట్టమని పట్టుబట్టేవాళ్లతో నేను వాదించను. తక్కువ బిట్‌రేటులో ఎంపీత్రీ చేసేటప్పుడు నమూనాల రేటు తగ్గిస్తే మాట ఇంకా శుభ్రంగా ఉంటుందని మాత్రం చెబుతాను. ఉన్న కాసిని బిట్లనూ మనిషి గొంతు వెళ్లని ఎత్తుల మీద ఖర్చు పెట్టకుండా ఉంటుంది కాబట్టి.

ఇక అసలు సంగతి. ఎంపీత్రీ, ఓపస్ లాంటివి ఫైలును ఎలా కుదిస్తాయి? పెద్ద ధ్వని పక్కన చెవికి వినబడని చిన్న ధ్వనిని వదిలేస్తాయి. ఓపస్ లాంటివైతే మాటలో పదే పదే వచ్చే ఆకారాన్ని గుర్తుపట్టి, వచ్చే క్షణం ఎలా ఉంటుందో ముందే అంచనా కట్టి, అంచనాకు అందని భాగాన్నే రాసుకుంటాయి. అచ్చు ధ్వని ఒక క్రమంలో కంపిస్తుంది కాబట్టి అంచనాకు లొంగుతుంది. ఫ్యాను గాలి, ఏసీ రొద, దూరపు రోడ్డు హోరు అలా లొంగవు. వాటిలో ఒక క్షణానికీ మరో క్షణానికీ పొందిక ఉండదు. యంత్రానికి ఏది పాఠమో ఏది ఫ్యానో తెలియదు. రెంటినీ నమ్మకంగా రాసుకోవాలనే చూస్తుంది.

64 కిలోబిట్లు అని స్థిరంగా పెట్టినప్పుడు ఫ్యాను తిరిగినా తిరగకపోయినా ఫైలు సైజు మారదు. "మరి ఫ్యాను వల్ల నష్టమేమిటి" అని అడుగుతారు. విశాఖ వెళ్లే బస్సులో సీట్లు పెరగవు కదా. ఫ్యాను ఎక్కి కూర్చుంటే మాట నిలబడి ప్రయాణం చేయాలి. బిట్‌రేటు మారుతూ ఉండే పద్ధతి పెట్టుకుంటే నష్టం ఇంకో రూపంలో కనబడుతుంది: ఫైలు ఉబ్బుతుంది. నమ్మకం లేనివాళ్లు ఒక్క పని చేయండి. ఒకే పేజీని ఫ్యాను వేసి ఒకసారి, ఆపి ఒకసారి చదివి, ఏమీ కోల్పోకుండా కుదించే ఫ్లాక్ పద్ధతిలో దాచండి. రెండు ఫైళ్ల సైజూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్యాను బరువెంతో ఎంబీల్లో తెలుస్తుంది. ఓపస్‌కు ఆ బరువు లేకపోతే 24 కిలోబిట్లు ధారాళంగా సరిపోతాయి. ఉంటే 48 కూడా చాలనట్టు అనిపిస్తుంది. నేను గది గురించి ఇంత గొడవ పడేది అందుకే.

గది అంటే స్టూడియో అనుకోవద్దు. మన కొత్త ఇళ్లన్నీ ఒకే తీరు: పైన శ్లాబు, కింద టైల్స్, నాలుగు నున్నటి గోడలు, గాజు కిటికీ. మాట వాటి మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఇలాంటి ఇంట్లో హాలు అందంగా ఉంటుంది కానీ రికార్డింగుకు ఇల్లు మొత్తంలో అంతకంటే పనికిరాని చోటు లేదు. పడకగది మేలు. పరుపు, దిండ్లు, తలుపుకు వేలాడే బట్టలు, పుస్తకాల అరలు ధ్వనిని తాగేస్తాయి. ఇనప బీరువా తలుపు మూసి ఉంటే అది ఇంకో గోడ. తెరిచి, లోపల చీరలు దుప్పట్లు కనబడేటట్టు ఉంచి, దాని వైపు తిరిగి చదివితే అదే మంచి సరంజామా. నా వెనకాల మంచం నిలబెట్టి దాని మీద బొంత వేస్తాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. కోడిగుడ్డు అట్టలు గోడకు అంటించమని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పలచటి అట్ట మాట మోతను ఆపలేదు, బయటి చప్పుడును అసలే ఆపలేదు. పాత బొంత దానికంటే నయం.

దూరం విషయంలో మన కొలతలే చాలు. నోటికీ మైకుకూ మధ్య ఒక జాన. కాలర్‌కు తగిలించే మైకైతే గడ్డానికి బెత్తెడు కింద. దూరం రెట్టింపైన ప్రతిసారీ నోటి నుంచి నేరుగా వచ్చే ధ్వని 6 డెసిబెల్స్ పడిపోతుంది. గది మోత మాత్రం గదంతా సుమారు ఒకేలా పరుచుకుని ఉంటుంది, కాబట్టి అది పడదు. అంటే ఫోనును బల్ల మీద పెట్టి వెనక్కి వాలి చదివేవాళ్లు వేల రూపాయల మైకు కొన్నా మోతనే రికార్డు చేస్తారు. గట్టిగా చదివితే సరిపోతుందని అనుకోవడం ముఖ్యంగా మా ఉపాధ్యాయుల జబ్బు. గొంతు పెంచితే గది కూడా అంతే పెంచుతుంది, నిష్పత్తిలో మార్పు రాదు. దగ్గరగా వచ్చి మామూలు గొంతుతో చదవాలి. ప, ఫ, భ పలికినప్పుడు గాలి మైకును కొట్టకుండా మైకును నోటికి ఎదురుగా కాక కాస్త పక్కగా ఉంచాలి. మహాప్రాణాలు దండిగా ఉన్న మన చరిత్ర పాఠాల్లో ఇది చిన్న విషయమేమీ కాదు. ఒక్క "భారత ప్రభుత్వం" అన్న మాటే మైకును ఎన్నిసార్లు కొడుతుందో చూడండి.

ఈ ఊరిలో గొంతుకు ఉన్న ప్రతిష్ఠ వేరు. 1919లో మొదలైన విజయరామ గానపాఠశాలకు తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. మైకులు లేని రోజుల్లో పందిళ్ల నిండా జనానికి హరికథ వినిపించిన తరం ఆయనది. ఇప్పటికీ ఇక్కడ బాగా చదవడమంటే ఆఖరి వరసకు వినబడేటట్టు చదవడమనే అనుకుంటారు. మైకుకు ఆఖరి వరస ఉండదు. జానెడు దూరంలో ఒక్క చెవి ఉంటుంది, అంతే. పిల్లలు ఇయర్‌ఫోను పెట్టుకుని వింటారు కాబట్టి అవతల కూడా అలాగే ఒక్క చెవి.

బయటి చప్పుళ్ల సంగతి ఎవరి వీధి వాళ్లే తేల్చుకోవాలి. మాకు రైల్వే జంక్షను దగ్గర. హౌరా-చెన్నై ప్రధాన మార్గం, రాయపూర్ వైపు వెళ్లే మార్గం కలిసేది ఇక్కడే కాబట్టి రైలు కూతలకు కొదవ లేదు. తెల్లవారుజాము ప్రశాంతంగా ఉంటుందనే సలహా మా వీధికి వర్తించదు. గుడి మైకు, కాకులు, పాల బండ్లు అప్పుడే మొదలవుతాయి. ధనుర్మాసమైతే ఇక అడగక్కర్లేదు. దసరా వెళ్లాక పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో నేను రికార్డింగు మాట ఎత్తను. మధ్యాహ్నం భోజనాల తర్వాత వీధి నిద్రపోయే రెండు గంటలే నాకు దొరికిన మంచి వేళ. వేసవిలో ఆ వేళకు ఫ్యాను ఆపడం శిక్షే. ఒక విభాగం చదివి, ఆపి, ఫ్యాను వేసుకుని చెమట ఆరబెట్టుకుని మళ్లీ మొదలుపెడతాను. దీనివల్ల ఒక లాభం కూడా ఉంది. పాఠం చిన్న ముక్కలుగా వస్తుంది, విద్యార్థులకు కావలసిందీ అదే. గంటన్నర ఫైలులో ఒక్క పేరు వెతుక్కోవడం చూపు లేని మనిషికి ఎంత కష్టమో ఆలోచించండి.

కనబడని చప్పుళ్లు ఇంకొన్ని. ల్యాప్‌టాప్‌కు చార్జరు తగిలించి ఉంటే కొన్నిసార్లు 50 హెర్ట్జ్ గుయ్యిమనే నాదం లోపలికి వస్తుంది. చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపితే పోతుంది. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. ఇన్వర్టరు మీద ఇల్లు నడుస్తున్నప్పుడు రికార్డు చేయకపోవడమే మంచిది. రికార్డింగు యాప్‌లో శబ్దాన్ని దానంతట అదే పెంచి తగ్గించే సదుపాయం ఉంటే ఆపేయాలి. మీరు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా అది ఇంట్లో ఉన్న ప్రతి రొదనూ పైకి లేపుతుంది. శబ్దం మట్టం మీటరులో మాట శిఖరాలు -12 నుంచి -6 డెసిబెల్స్ మధ్య ఉంటే చాలు. సున్నాను తాకితే మాట పగులుతుంది, ఆ పగులును తర్వాత ఏదీ అతకదు.

"ఇంత శ్రమ ఎందుకు, రొద తీసేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి. నేను వాడేది 2000 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఆడాసిటీ. అందులో కొద్ది క్షణాల వట్టి గది చప్పుడును నమూనాగా చూపిస్తే, ఆ పోలిక ఉన్న రొదను మొత్తం ఫైలులో తగ్గిస్తుంది. సన్నటి, మారని రొద మీద అది బాగా పనిచేస్తుంది. అందుకే ప్రతి రికార్డింగు మొదట్లో కాసేపు మాట్లాడకుండా ఉంటాను. కానీ ఫ్యాను రొద తీయమని గట్టిగా అడిగితే "స"లోని గాలిని కూడా రొద అనుకుని కోస్తుంది, ఎందుకంటే రెండూ ఒకే చోట ఉంటాయి. మాటల చివర చిన్న చిన్న లోహపు తునకల్లాంటి చప్పుళ్లు మిగులుతాయి. తర్వాత ఎంపీత్రీ చేసినప్పుడు అవి ఇంకా ఎబ్బెట్టుగా తేలతాయి. గది మోతనైతే ఈ పద్ధతి తాకలేదు. అది మాట ఆకారంలోనే ఉంటుంది మరి. నా చేత జరిగే దిద్దుబాటు ఇంతే: 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోయడం, రొద కొంచెంగా తగ్గించడం, మట్టం సమం చేయడం, ఆఖరున ఒకే ఒక్కసారి కుదించడం. ఎంపీత్రీని తెరిచి దిద్ది మళ్లీ ఎంపీత్రీగా దాచితే ప్రతిసారీ కొంత పోతుంది. వాట్సాప్‌లో కూడా వాయిస్ మెసేజ్‌గా మళ్లీ రికార్డు చేసి పంపేవాళ్లున్నారు. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టే చేరుతుంది.

ఓపస్ ఇంత పొదుపైనదైతే ఎంపీత్రీ ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ మాటను తక్కువ బిట్లలో పట్టడంలో ఎంపీత్రీకంటే చాలా మెరుగు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లలో ఉన్నదీ అదే. అయితే మెమరీ కార్డు వేసుకునే బటన్ ఫోన్లు, పాత ప్లేయర్లు చాలావాటికి ఎంపీత్రీయే తెలుసు. అందుకని నేను రెండూ ఇస్తాను. ఒక్కటే ఇవ్వవలసి వస్తే ఎంపీత్రీ ఇస్తాను. తెరుచుకోని ఫైలు ఎంత చిన్నదైనా దండగే.

శ్రవణ పుస్తకాల అంగళ్లు వేరే ప్రమాణాలు చెబుతాయన్నది నాకు ఎదురయ్యే మరో వాదన. అమెజాన్‌కు చెందిన ఏసీఎక్స్ 192 కిలోబిట్ల ఎంపీత్రీ అడుగుతుంది. అదే ఏసీఎక్స్ మాట లేనప్పుడు మిగిలే చప్పుడు మట్టం -60 డెసిబెల్స్ దాటకూడదని కూడా అడుగుతుంది. మొదటి నిబంధన అందరికీ గుర్తుంటుంది, ఎందుకంటే దాన్ని మెనూలో ఒక్క నొక్కుతో తీర్చవచ్చు. రెండోది తీరాలంటే బొంత కావాలి, ఫ్యాను ఆపాలి, వేళ చూసుకోవాలి. నేను రెండోదాన్ని తీసుకుని మొదటిదాన్ని వదిలేశాను. 192 అన్నది అంగడికి అప్పగించే ప్రతికి పెట్టిన నిబంధన. హాస్టలు మంచం మీద డేటా లెక్క చూసుకునే కుర్రవాడి కోసం పెట్టింది కాదు.

నా లెక్క చెల్లని చోట్లు లేకపోలేదు. వీణ, వయొలిన్, తంబురా శ్రుతి రికార్డు చేసేవాళ్లు నా 24 కిలోబిట్ల మాట వినవద్దు. సంగీత కళాశాల పిల్లలు సాధన రికార్డు చేసుకుంటుంటే స్టీరియోకు, ఎక్కువ బిట్‌రేటుకు అర్థం ఉంది. అంతకంటే ముఖ్యమైనది పెద్దవాళ్ల మాట. జముకుల కథ చెప్పే గొంతులు, శ్రీకాకుళం పల్లెల్లో అమ్మమ్మలు పాడే నాట్ల పాటలు, సవర గిరిజనుల పాటలు రికార్డు చేసేవాళ్లు మూల ప్రతిని ఎప్పుడూ కుదించవద్దు. ఈ ప్రాంతంవాడైన గిడుగు రామమూర్తి (1863–1940) సవర భాషను మనుషుల నోట విని, రాసుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. అలాంటి పనికి ఇవాళ ఎవరైనా కూర్చుంటే వాళ్లకు ప్రతి హల్లు అంచూ కావాలి. ఏ భాగం అనవసరమో ఎంపీత్రీ తేల్చకూడదు. వినేవాళ్లకు చిన్న ప్రతి, దాచుకోవడానికి ఫ్లాక్ లేదా వేవ్ ప్రతి. పాఠాల విషయంలో కూడా నేను పాటించేది ఇదే.

కాబట్టి చేతిలో మూడు నాలుగు వేలు ఉండి మైకు కొనాలా అని అడిగేవాళ్లకు నా జవాబు: ముందు ఫోనుతో, బొంతతో, ఆపిన ఫ్యానుతో ఒక పాఠం చదివి, రెండు రెట్లు వేగంతో విని చూడండి. మాట విడివిడిగా వినబడితే కొన్ని వందల రూపాయల కాలర్ మైకు చాలు, మిగిలింది మూల ప్రతులు దాచే హార్డ్ డిస్కు మీద పెట్టండి. 44,100 నమూనాల మోనో వేవ్ అయినా ఒక టీబీ డిస్కులో మూడు వేల గంటలకు పైగా పడుతుంది. రెండో డిస్కు కూడా కొని వేరే ఇంట్లో ఉంచగలిగితే మరీ మంచిది, హుద్‌హుద్, తిత్లీ తుపాన్లు చూసిన జిల్లాలవాళ్లం కనుక.